ఏడుగురి ఐస్ హాకీ, రోవర్ హోబీ బేకర్

అమెరికా ఐస్ హాకీ ఆటగాడు హోబీ బేకర్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా మూడు సంగతుల దగ్గరే ఆగిపోతారు. చూడచక్కని మనిషి, మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్, ఇరవై ఆరేళ్లకే విమానం కూలి చనిపోయాడు. ఆట దగ్గరికి వచ్చేసరికి "మెరుపులా స్కేట్ చేసేవాడు" అని ఒక్క ముక్కతో దాటేస్తారు. పక్‌ను, అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్లను, పక్కవాడికి ఇవ్వకుండా ఆ చివర నుంచి ఈ చివరకు తానే ఎందుకు లాక్కెళ్లేవాడో 1910 నాటి రూల్స్ చూస్తే గానీ తెలియదు. ఇవాళ్టి ఐస్ హాకీ చూసిన కళ్లతో బేకర్‌ను అంచనా వేస్తే పాస్ ఇవ్వని మొండివాడిలా కనిపిస్తాడు. నిజానికి అప్పటి రూల్స్‌కు సరిగ్గా సరిపోయే ఆట అతనిది. అందుకే ముందు రూల్స్, తర్వాత మనిషి.

పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఈ ఆట పట్టుబడటం కష్టమేం కాదు. ఇప్పటి ఐస్ హాకీలో గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో వైపు ఆరుగురు ఆడతారు. బేకర్ రోజుల్లో ఏడుగురు, మన కబడ్డీ జట్టు లెక్కన. ఆ ఏడో మనిషే రోవర్. అవతలి కోర్టులోకి కూత పెట్టి వెళ్లే రైడర్ పనీ రోవర్ పనీ దగ్గరదగ్గరగా ఉంటాయి. తేడా ఏంటంటే, రైడర్ తిరిగొచ్చి గీత తాకితే అతని పని అయిపోతుంది. రోవర్ వెనక్కొచ్చి డిఫెన్స్‌లో కూడా నిలబడాలి.

గోల్ దగ్గర కీపర్. అతని ముందు పాయింట్. పాయింట్‌కు కొంచెం ముందు కవర్ పాయింట్. ఈ ఇద్దరూ డిఫెండర్లే కానీ ఇప్పటిలా పక్కపక్కన కాదు, ఒకరి వెనక ఒకరు నిలబడేవారు. ముందు వరసలో సెంటర్, అతనికి అటూ ఇటూ లెఫ్ట్ వింగ్, రైట్ వింగ్. ఈ రెండు గుంపుల మధ్య ఖాళీలో తిరిగేవాడు రోవర్. అతనికి కట్టుబడిన చోటంటూ లేదు. పక్ ఎక్కడుంటే అక్కడికి పోవాలి. జట్టులో అందరికన్నా బాగా స్కేట్ చేసేవాడికి ఆ చోటు ఇచ్చేవారు.

అసలు కిటుకు పాస్ రూల్‌లో ఉంది. ముందుకు పాస్ ఇవ్వకూడదు. మనవాడు పక్‌ను కొట్టే క్షణానికి దాన్ని అందుకోబోయేవాడు పక్ కన్నా వెనకే ఉండాలి, ముందుంటే ఆఫ్‌సైడ్. అంటే పక్‌ను పక్కకు గానీ వెనక్కి గానీ ఇవ్వొచ్చు, ముందుకు మాత్రం ఎవరో ఒకరు స్టిక్ కింద పెట్టుకుని మోసుకెళ్లాల్సిందే. పాస్ ఎంత ఎక్కువిస్తే జట్టు అంత వెనకబడుతుంది. ఇలాంటి ఆటలో ఒక్కడే పరుగు తీయడం గొప్పకు పోవడం కాదు. గోల్ దగ్గరికి చేరే దారుల్లో తక్కువ నష్టమున్నది అదే.

బేకర్ ఎక్కువగా చేసే పని ఒకటుండేది. తన గోల్ వెనక నుంచి చుట్టు తిరిగి, ఆ మలుపులోనే వేగం అందుకుని, ఎదుటి జట్టు మధ్యలోంచి దూసుకుపోయేవాడు. చూసేవాళ్లకు ఆర్భాటం అనిపించొచ్చు. లెక్క మాత్రం తేటగా ఉంది. నిలబడి ఉన్నవాడు పక్ అందుకుంటే వేగం పుంజుకోవడానికి కొన్ని అడుగులు కావాలి, ఆ లోపే ఎదుటివాడు మీదికొస్తాడు. వెనక నుంచి చుట్టి వస్తే మధ్యగీత దగ్గరికి చేరేసరికే పూర్తి వేగం ఉంటుంది, ఎదురుగా ఉన్నవాళ్లేమో నిలబడి ఉంటారు. పాయింట్, కవర్ పాయింట్ ఒకరి వెనక ఒకరు ఉండటం వల్ల ఇద్దరూ ఒక్కసారే అడ్డురాలేరు. కవర్ పాయింట్‌ను ఎడమకు తప్పించి, పాయింట్ సర్దుకునేలోపు కుడికి తిరిగితే ముందు కీపర్ ఒక్కడే. ఆ కీపర్ కింద పడి పక్ ఆపడం కూడా అప్పట్లో నేరమే, నిలబడే ఆపాలి. కెనడా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కీపర్ మోకాళ్ల మీద పడొచ్చన్న అనుమతి 1917–18 సీజన్‌లో గానీ రాలేదు.

ఇంకో రెండు సంగతులు కూడా కలుపుకోవాలి. దెబ్బ తగిలితే తప్ప మనిషిని మార్చేవారు కాదు. ఇప్పుడు ఒక్కో ఆటగాడు నిమిషం లోపు ఆడి బెంచీ ఎక్కుతాడు. అప్పుడు ఆ ఏడుగురే మ్యాచ్ మొత్తం ఆడాలి. కాబట్టి రెండో సగంలో కాళ్లలో బలం మిగిలినవాడిదే రాజ్యం. రెండోది మంచు. మ్యాచ్ మధ్యలో మంచును చెక్కి, నీళ్లు పోసి, నున్నగా చేసే జాంబోనీ బండి 1949లో వచ్చింది. బేకర్ కాలంలో పారలతో గీకి తుడవడమే. ఆట సాగేకొద్దీ స్కేట్ల గీతలు లోతవుతాయి, పొడి మంచు పేరుకుంటుంది, దూరం నుంచి కొట్టిన పక్ దారిలోనే మందగిస్తుంది. స్టిక్‌కు ఆనించి తీసుకెళ్లిన పక్‌కు ఆ బెడద తక్కువ.

ఇక మనిషి దగ్గరికి వద్దాం.

పూర్తి పేరు హోబర్ట్ ఆమోరీ హేర్ బేకర్. 1892 జనవరి 15న అమెరికాలో ఫిలడెల్ఫియా పక్కనున్న బాలా కిన్‌విడ్‌లో పుట్టాడు. డాక్టరైన ఒక బంధువు పేరే అతనికి పెట్టారు. తండ్రి ఆల్ఫ్రెడ్ బేకర్ సోఫాలకు, కుర్చీలకు వేసే బట్టల తయారీదారు, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఆడినవాడు. 1903లో పదకొండేళ్ల హోబీని, అన్న థార్న్‌టన్‌ను న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని కాంకర్డ్ ఊళ్లో ఉన్న సెయింట్ పాల్స్ స్కూల్లో వేశారు. హాస్టల్ బడి. చలికాలంలో చెరువులు గడ్డకట్టే ప్రాంతం. అక్కడి హాకీ మాస్టర్ మాల్కం గోర్డన్ అమెరికాలో ఈ ఆట రూల్స్‌ను తొలిగా కాగితం మీద పెట్టినవాళ్లలో ఒకడు. పద్నాలుగేళ్లకే హోబీ బడి పెద్ద జట్టులోకి వచ్చాడు. ఆ బడి పిల్లలు హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి కాలేజీ జట్లనే ఓడించేవారు.

1907లో రెండు దెబ్బలు తగిలాయి. తల్లిదండ్రులు విడాకులు తీసుకున్నారు. అదే ఏడాది అమెరికాలో బ్యాంకుల మీద జనం ఎగబడి డబ్బు వెనక్కి తీసుకున్న ఆర్థిక సంక్షోభంలో తండ్రి ఆస్తి చాలావరకు కరిగిపోయింది. ఇద్దరు కొడుకుల్లో ఒక్కరినే కాలేజీకి పంపే స్తోమత మిగిలింది. అన్న చదువు మానుకుని తమ్ముడికి దారి ఇచ్చాడు. హోబీ బడిలోనే ఇంకో ఏడాది ఆగి, 1910లో ప్రిన్స్‌టన్‌లో చేరాడు. పెద్దింటి పిల్లాడు సరదాకు ఆడాడని రాసేవాళ్లు ఈ అన్న సంగతి దాటేస్తారు. తర్వాత డబ్బు విషయంలో హోబీ తీసుకున్న నిర్ణయాల బరువు తెలియాలంటే ఇది గుర్తుంచుకోవాలి.

బడి రోజుల్లో అతను చేసిన ఒక సాధన గురించి అందరూ చెబుతారు. రాత్రిపూట చీకట్లో, గడ్డకట్టిన చెరువు మీద ఒక్కడే పక్‌తో తిరిగేవాడు. కనిపించని పక్‌ను చేతులతో, స్టిక్ బ్లేడ్ మీద అదురుతో పట్టుకోవడం నేర్చుకున్నాడు. కింద చూడాల్సిన పని లేకపోతే తల పైకి ఉంటుంది. తల పైకి ఉంటే ఎదుటి పాయింట్ ఏ కాలు మీద బరువేశాడో కనిపిస్తుంది. పైన చెప్పిన ఎడమకు తప్పించి కుడికి తిరిగే ఆటంతా దీని మీదే నిలబడింది.

ఈ సాధనకు మంచు ఉండి తీరాలనేమీ లేదు. మనకాడ రోలర్ స్కేట్స్ నేర్చుకునే పిల్లలున్నారు, సర్కారు బళ్లలో, గురుకులాల్లో సిమెంటు కోర్టులున్నాయి. పీఈటీ సార్లు ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే పద్ధతి ఇది.

స్టిక్ కొలత ముందు చూసుకోవాలి. చెప్పుల్లేకుండా నిలబడి స్టిక్‌ను నిటారుగా పెడితే పై కొస ముక్కు దాకా రావాలి, స్కేట్స్ వేసుకుంటే గడ్డం దాకా. అంతకన్నా పొడవైతే బ్లేడ్ మడమ, అంటే అది కర్రను కలిసే చోటు, మాత్రమే నేలకు ఆనుతుంది, కొస గాల్లో లేస్తుంది, పక్ కింద నుంచి జారిపోతుంది. ఐస్ హాకీ పక్ గట్టి రబ్బరుది. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల బరువు. అది సిమెంటు మీద జారదు, అంచు మీద లేచి చక్రంలా దొర్లిపోతుంది. దాని బదులు అడుగున చిన్న బుడిపెలున్న ప్లాస్టిక్ పక్ గానీ, ఎగరని గట్టి ప్లాస్టిక్ బంతి గానీ వాడాలి. గరుకు సిమెంటు మీద ఆ బుడిపెలు తొందరగా అరుగుతాయి. అరిగితే పక్ అంటుకుపోతుంది, అప్పుడు మార్చేయాలి. టెన్నిస్ బంతి వద్దు, ప్రతి తాకుడుకూ ఎగురుతుంది.

పై చెయ్యి స్టిక్ కొసను పట్టుకుంటుంది. కింది చెయ్యి దానికి ఒక అడుగు కింద, వదులుగా. మణికట్టు తిప్పే పని పై చేతిది, కింది చెయ్యి దారి చూపిస్తుందంతే. కొత్తవాళ్లు అందరూ చేసే తప్పు కింది చేతిని బిగించడం. అలా బిగిస్తే బ్లేడ్ పక్ మీదికి వాలదు, నిటారుగా ఉండిపోతుంది, పక్ దానికి తగిలి దూరంగా చిమ్ముతుంది. బ్లేడ్ పై అంచు కొద్దిగా పక్ మీదికి ఒరగాలి. పక్ బ్లేడ్ మధ్యలో ఉండాలి, కొస దగ్గర కాదు.

మొదట స్కేట్స్ లేకుండా, నిలబడిన చోటే. ముందు అడుగు వెడల్పులో ఎడమా కుడీ, తర్వాత చేతులు చాచినంత వెడల్పులో, ఒక్కొక్కటి రెండేసి నిమిషాలు. ఎదురుగా పది అడుగుల దూరంలో ఇంకొకరు నిలబడి వేళ్లు చూపిస్తూ మారుస్తుండాలి, ఆడేవాడు ఎన్ని వేళ్లో పైకి చెబుతుండాలి. అంకె తప్పితే కిందికి చూశాడని లెక్క. ఇది కుదిరాక నడుస్తూ, ఆ తర్వాత స్కేట్స్ మీద తిన్నగా, చివరికి రెండేసి మీటర్ల దూరంలో నీళ్ల బాటిళ్లు పెట్టి వాటి మధ్య ఎనిమిది అంకె ఆకారంలో. బ్యాడ్మింటన్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు ఉంటుంది, ఇద్దరికి చాలు. వేగంగా వెళ్లేటప్పుడు పక్‌ను ఎడమా కుడీ ఆడించకూడదు, అలా ఆడించిన ప్రతిసారీ వేగం తగ్గుతుంది. ఖాళీ ఉన్నంతవరకు ముందుకు తోసుకుంటూ పోవాలి, మనిషి ఎదురైనప్పుడే ఆడించాలి.

చీకటి సాధన నిలబడి, నడిచి చేసేవాటికే. హెల్మెట్ పెట్టి, కోర్టులో రాళ్లు లేకుండా తుడిచి, సందె వెలుతురులో మొదలుపెట్టాలి. కళ్లకు గంత కట్టి స్కేట్స్ మీద నడపడం మాత్రం పిచ్చి పని, మణికట్టు విరగ్గొట్టుకోవడానికే. ఇంకో తేడా గుర్తుంచుకోవాలి. మంచు స్కేట్ బ్లేడ్‌కు రెండు అంచులుంటాయి, పక్కకు తిరిగి గీకి ఆగొచ్చు. చక్రాల స్కేట్స్‌తో కొత్తవాడు అలా ఆగబోతే పడతాడు. వెనక కాలును అడ్డంగా ఈడ్చి ఆగడం ముందు నేర్పాలి.

బేకర్ స్టిక్ చెక్కది, బ్లేడ్ చదును. వంపు బ్లేడ్లు 1960ల్లో వ్యాపించాయి. వంపు ఉంటే ముందు వైపు కొట్టడానికి బలం వస్తుంది, వెనక వైపు పక్ నిలవదు. చదును బ్లేడ్‌కు రెండు వైపులూ సమానం. ఈ సాధన నేర్పేవాళ్లకు సలహా, మొదటి ఏడాది చదును బ్లేడే కొనివ్వండి.

ప్రిన్స్‌టన్‌లో అతను 1914 దాకా చదివాడు. మొదటి ఏడాది పిల్లలకు పెద్ద జట్టులో చోటు లేదు. ఆ తర్వాత కూడా ఒక విద్యార్థి రెండు ఆటలే ఆడాలన్న నియమం ఉండటంతో బేస్‌బాల్ వదిలేసి ఫుట్‌బాల్, హాకీ ఉంచుకున్నాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో హెల్మెట్ లేకుండా ఆడేవాడు. అవతలివాళ్లు ఎత్తుగా తన్నిన బంతి నేల తాకకముందే పరిగెత్తుతూ అందుకోవడం, బంతి నేలకు తగిలి లేచే క్షణంలో తన్నే డ్రాప్ కిక్ అతని ప్రత్యేకతలు. 1912 సీజన్‌లో అతను చేసిన 92 పాయింట్లు 1974 దాకా ఆ యూనివర్సిటీ రికార్డు. 1911లో ఫుట్‌బాల్‌లో, 1912లోనూ 1914లోనూ హాకీలో ప్రిన్స్‌టన్‌ను జాతీయ విజేతగా లెక్కిస్తారు. ఫుట్‌బాల్ జట్టుకూ హాకీ జట్టుకూ కెప్టెన్‌గా చేశాడు.

విచిత్రమేమిటంటే అప్పుడు ప్రిన్స్‌టన్‌కు సొంత రింక్, అంటే మంచు ఆటస్థలం, లేదు. ఆడాలంటే న్యూయార్క్‌లోని సెయింట్ నికోలస్ రింక్‌కు పోవాలి. 1896లో తెరిచిన ఈ రింక్ అమెరికాలో యంత్రంతో మంచు గడ్డకట్టించిన తొలితరం రింకుల్లో ఒకటి. ఆ యంత్రం మనకు కొత్తదేం కాదు. మన పట్టణాల్లో ఐస్ గడ్డలు చేసే ఫ్యాక్టరీలో అమ్మోనియా కంప్రెసర్, ఉప్పునీళ్ల ట్యాంకు ఉంటాయి కదా, సూత్రం అదే. ఉప్పునీళ్లు సున్నా డిగ్రీల కింద కూడా గడ్డకట్టవు కాబట్టి అమ్మోనియా చల్లదనాన్ని అవి మోస్తాయి. ఐస్ ఫ్యాక్టరీలో ఆ ఉప్పునీళ్లలో నీళ్ల డబ్బాలు ముంచుతారు. రింక్‌లో ఆ ఉప్పునీళ్లనే నేల కింద పరిచిన పైపుల్లో తిప్పుతారు, పైన పోసిన మంచినీళ్లు గడ్డకడతాయి.

నీళ్లు ఒక్కసారే పోయకూడదు. పలుచగా చల్లి, గడ్డకట్టాక మళ్లీ చల్లి, పొర మీద పొరగా మూడు నాలుగు సెంటీమీటర్ల మందం తేవాలి. మందం ఎక్కువైతే కింది చల్లదనం పైదాకా అందక పైపొర మెత్తబడుతుంది, తక్కువైతే స్కేట్ దెబ్బకు పెళ్లలు లేస్తాయి. హాకీకి మంచు మైనస్ 5, 6 డిగ్రీల దగ్గర గట్టిగా ఉండాలి. అందంగా తిరిగే ఫిగర్ స్కేటింగ్‌కైతే ఒకట్రెండు డిగ్రీలు మెత్తగా ఉంచుతారు.

ఇదే రింక్‌ను నల్లగొండలో కట్టాలంటే రెండు చోట్ల చిక్కు. మే నెలలో బయట 43, 44 డిగ్రీలు. వేడి ఒక్కటే అయితే కంప్రెసర్ పెద్దది పెట్టి నెట్టుకురావచ్చు. అసలు శత్రువు గాలిలోని తేమ. అది చల్లటి మంచు మీద పొగమంచుగా, పైకప్పుకు నీటిబొట్లుగా పట్టి మళ్లీ మంచు మీదే రాలి గడ్డలు కడుతుంది. అందుకే మూసిన, వేడి చొరబడని హాలు, గాలిలోంచి తేమ లాగే యంత్రం తప్పవు. రెండోది నీళ్లు. మా జిల్లా బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మంచుకు మాత్రం ఫ్లోరైడ్ కన్నా ఆ నీళ్లలో కరిగిన మొత్తం లవణాలతోనే ఇబ్బంది. లవణాలు ఎక్కువున్న నీళ్లతో చేసిన మంచు తెల్లగా మసకబారి, మెత్తగా ఉంటుంది, స్కేట్ అంచు పట్టదు. ఆర్‌వో నీళ్లే పోయాలి.

మళ్లీ న్యూయార్క్‌కు. ప్రిన్స్‌టన్ మ్యాచ్ ఉన్న రోజు ఆ రింక్ బయట "హోబీ బేకర్ ఈ రాత్రి ఆడుతున్నాడు" అని బోర్డు పెట్టేవారు. పేరుతో జనాన్ని పిలవడం అతనికి నచ్చేది కాదు, తీసేయమని అడిగేవాడు. 1914 జనవరిలో బోస్టన్‌లో హార్వర్డ్‌తో జరిగిన మ్యాచ్ అదనపు సమయంతో కలిపి 73 నిమిషాలు సాగింది, ప్రిన్స్‌టన్ 2–1తో ఓడింది. మనిషి మార్పిడి లేని ఆటలో 73 నిమిషాలంటే ఏంటో ఊహించుకోండి. కాలేజీ హాకీ మొత్తంలో అతని మీద పడిన పెనాల్టీ ఒక్కటే. ఎదుటివాళ్లు అతన్ని ఆపడానికి స్టిక్‌తో కాళ్ల మీద కొట్టేవారు, పక్క చెక్కలకేసి గుద్దేవారు. అతను తిరిగి కొట్టేవాడు కాదు, మ్యాచ్ అయ్యాక వాళ్ల గదికి వెళ్లి చేతులు కలిపి వచ్చేవాడు. ఇది మంచితనమే కావచ్చు. ఆట లెక్కన కూడా సరైనదే. పెనాల్టీ పడితే బయట కూర్చోవాలి, రోవర్ లేని జట్టుకు మోసేవాడే ఉండడు.

చదువయ్యాక న్యూయార్క్‌లో జె.పి. మోర్గాన్ బ్యాంకులో చేరాడు. సాయంత్రాలు సెయింట్ నికోలస్ క్లబ్ తరఫున అమెచ్యూర్ లీగ్‌లో ఆడేవాడు. 1915 డిసెంబరులో ఆ క్లబ్ కెనడాలోని మాంట్రియల్ వెళ్లి రాస్ కప్ కోసం మాంట్రియల్ స్టార్స్ జట్టును ఓడించింది. హాకీ తమ సొంతం అనుకునే ఊళ్లో ఒక అమెరికన్ అంతా నడిపించేసరికి అక్కడి పత్రికలు కూడా ఒప్పుకోక తప్పలేదు. ఆ తర్వాత డబ్బిచ్చి ఆడించే ప్రొఫెషనల్ జట్టు మాంట్రియల్ కెనేడియన్స్ వాళ్లు మూడు సీజన్లకు 20,000 డాలర్లు ఇస్తామన్నారు. వద్దన్నాడు.

ఇక్కడే చాలామంది అతన్ని దేవుణ్ని చేస్తారు. కొంచెం ఆగి చూడాలి. ఆ రోజుల్లో అమెచ్యూర్ అంటే ఆటకు డబ్బు తీసుకోనివాడు. పెద్ద కుటుంబాల కాలేజీ వాళ్లలో డబ్బుకు ఆడటం నామోషీ. ఆ నామోషీ అందరి మీదా ఒకేలా పడలేదు. 1912 ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన జిమ్ థోర్ప్, అమెరికా ఆదివాసీ బిడ్డ, అంతకుముందు చిన్న బేస్‌బాల్ జట్టులో కొద్దిపాటి డబ్బుకు ఆడాడని 1913లో పతకాలు లాగేసుకున్నారు. విజేతగా అతన్ని ఒక్కడినే పూర్తిగా మళ్లీ గుర్తించడానికి 2022 దాకా పట్టింది. బేకర్ ఆ గీతకు ఇవతలి వైపు పుట్టాడు. అయితే అతని జేబు కూడా నిండుగా లేదు. తండ్రి ఆస్తి చాలావరకు పోయింది, అన్న చదువు వదిలాడు, బ్యాంకు పని తనకు విసుగు. న్యూయార్క్‌లో డబ్బున్న స్నేహితుడు పెర్సీ పైన్ ఇంట్లో ఉండేవాడు. ఇరవై వేలు తీసుకుని ఉంటే తనకు ఇష్టమైన ఒకే పనితో బతికేవాడు. కానీ తన చుట్టూ ఉన్నవాళ్లలో చోటు పోయేది. అది త్యాగం కన్నా ఇరుకు అనిపిస్తుంది.

మన కబడ్డీ ఫెడరేషన్ పేరులో ఇంకా అమెచ్యూర్ అనే మాటే ఉంది, 2014 నుంచి ప్రో కబడ్డీలో వేలం నడుస్తోంది. పండుగ టోర్నమెంట్లలో నగదు బహుమతి ప్రకటించకపోతే జట్లే రావు. పగలు ఆటో నడిపి, కూలికి పోయి రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద రైడ్ చేసేవాడి ముందు డబ్బు ముట్టని ఆటే పవిత్రమని చెబితే నవ్వుతాడు. నవ్వాలి కూడా.

బ్యాంకులో విసుగెత్తి 1916లో న్యూయార్క్ దగ్గరి గవర్నర్స్ ఐలండ్‌లో విమానం నడపడం నేర్చుకున్నాడు. ఆ నవంబరులో యేల్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్ రోజు పన్నెండు విమానాల గుంపుతో ప్రిన్స్‌టన్ మీదికి ఎగురుతూ వెళ్లాడు. 1917 మార్చిలో పిట్స్‌బర్గ్‌లో చివరి హాకీ మ్యాచ్ ఆడి, ఆ వేసవిలో ఫ్రాన్స్‌కు ఓడెక్కాడు. 103వ ఏరో స్క్వాడ్రన్, తర్వాత 13వది, చివరికి 141వ స్క్వాడ్రన్‌కు కమాండర్. తన దళం విమానాలకు ప్రిన్స్‌టన్ రంగులు, నారింజ, నలుపు వేయించాడు. మూడు శత్రు విమానాలను కూల్చినట్టు రికార్డుకెక్కింది. ఫ్రాన్స్ ప్రభుత్వం క్రోయ్ ద గేర్ పతకం ఇచ్చింది.

యుద్ధం 1918 నవంబరు 11న ఆగింది. డిసెంబరు 21న తూల్ విమానాశ్రయంలో, ఇంటికి వెళ్లే ఆర్డర్లు చేతికొచ్చాక, ఒక్కసారి ఎగిరొస్తానని అప్పుడే మరమ్మతు అయిన స్పాడ్ విమానం ఎక్కాడు. దాదాపు 600 అడుగుల ఎత్తులో ఇంజన్ ఆగింది. ఎక్కేముందు తోటివాళ్లు వద్దన్నా వినలేదని చెబుతారు. స్పాడ్ 13 బరువైన విమానం, రెక్కలు పలుచన, ఇంజన్ ఆగితే తేలదు, దిగజారుతుంది. దానిలోని గేర్ల రకం హిస్పానో సుయిజా ఇంజన్‌కు బలం ఎక్కువ, నమ్మకం తక్కువ. అంత తక్కువ ఎత్తులో ఇంజన్ ఆగినప్పుడు పైలట్లకు నేర్పేది ఒకటే, ఎదురుగా ఏముంటే అందులోకి దించడం. వెనక్కి తిరగాలంటే రెక్క వంచాలి. రెక్క వంచితే విమానం నిలవడానికి కావాల్సిన వేగం పెరుగుతుంది, ఇంజన్ లేక ఉన్న వేగం తగ్గుతుంటుంది, రెండూ కలిసిన చోట ముక్కు కిందికి పడుతుంది. బేకర్ విమానాన్ని వెనక్కి, విమానాశ్రయం వైపే తిప్పాడు. రన్‌వేకు కొన్ని వందల గజాల దూరంలో అది ముక్కు మీద కూలింది. అంబులెన్స్‌లోనే ప్రాణం పోయింది. అక్కడే పూడ్చిపెట్టి, 1921లో బాలా కిన్‌విడ్‌లోని వెస్ట్ లారెల్ హిల్ శ్మశానానికి తెచ్చారు.

ప్రిన్స్‌టన్‌లో అతని పేరున బేకర్ రింక్ 1923లో తెరుచుకుంది. చందాలిచ్చినవాళ్లలో హార్వర్డ్, యేల్ పూర్వ విద్యార్థులు కూడా ఉన్నారు. హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 1945లో తొలి జట్టుగా తీసుకున్నవాళ్లలో అమెరికన్ అతనొక్కడే. 1973లో అమెరికా హాకీ హాల్ ఆఫ్ ఫేమ్, 1975లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్. 1981 నుంచి అమెరికా కాలేజీ హాకీలో ఏటా ఉత్తమ ఆటగాడికి అతని పేరున బహుమతి ఇస్తున్నారు. మొదటిది మిన్నెసోటా యూనివర్సిటీ ఆటగాడు నీల్ బ్రోటెన్‌కు దక్కింది.

అతని కాలేజీ లెక్కలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. మూడు సీజన్లలో 120కి పైగా గోల్స్, 100కు పైగా అసిస్టులు, అంటే తోటివాడి గోల్‌కు దారితీసిన పాస్‌లు, అని రాస్తారు. అప్పటి కాలేజీ మ్యాచ్‌ల్లో అసిస్టులు ఇప్పటిలా పద్ధతిగా నమోదయ్యేవి కాదు, పత్రికల్లో వచ్చిన మ్యాచ్ వివరాల నుంచి తర్వాత కట్టిన అంచనా అది. పైగా ముందుకు పాస్ లేని ఆటలో అసిస్ట్ అంటే పక్కకో వెనక్కో ఇచ్చిన పక్. ఇవాళ్టి అసిస్టుల పక్కన పెట్టి పోల్చడానికి కుదరదు. రోవర్‌ను కెనడాలోని ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఏ 1911లోనే తీసేసింది, పసిఫిక్ తీరం లీగ్ మాత్రం 1922 దాకా ఉంచుకుంది. ఆ లీగ్ ఆటగాళ్ల అంకెలతో బేకర్‌ను పోల్చితే కొంతైనా న్యాయం.